వినకుండానే పంపిన పాట

స్వామీ, నీకు జయం. గొంతు ఇచ్చినవాడివి నువ్వు. అది మూగబోయినప్పుడు పక్కన కూర్చున్నవాడివి నువ్వు. మళ్ళీ తెరిపించినవాడివీ నువ్వే. నా బిడ్డకు నువ్వు చేసిన మేలు చెప్పకుండా ఉండలేక ఇది రాస్తున్నాను.

మాది కర్దనూర్. మా ఆయన ఫ్యాక్టరీ షిఫ్టులకు పోతారు. నేను ఊరి భజన మండలిలో ఆడవాళ్ళ వరుసకు ముందు పాడతాను. ఎనిమిదో తరగతి చదివే నా బిడ్డ ఐదేళ్ళప్పటి నుంచి నా పక్కనే నిలబడి చిడతలు కొడుతోంది. ఏకాదశి పొద్దున మండలి పాడుకుంటూ వీధులు తిరుగుతుంది. పల్లవి ఎత్తుకునేది తనే. కళ్ళు మూసుకుని, తల కొంచెం పైకెత్తి పాడుతుంది.

ఒక ఏకాదశికి మేము రోడ్డు మీదికి వచ్చే వేళకు బడి ఆటోలోంచి తన తరగతి పిల్ల ఒకతి ఆ పాటను ఫోన్లో వీడియో తీసింది. ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి రెండో చరణం నుంచి మేక అరుపులు అతికించి క్లాసు గ్రూపులో పెట్టింది. ఆ మరునాటి నుంచి హాజరుకు నా బిడ్డ పలికితే చాలు, వెనక నుంచి "మే..." అని అరుపు. "ఏందే మేకమ్మా, ఇయ్యాల గడ్డి తెచ్చుకోలేదా?" అంటూ టిఫిన్ డబ్బాలో ఆకులు వేసేవాళ్ళు. ఒకరోజు ముగ్గురూ జడ పట్టి గుంజి మెట్ల మీద నుంచి తోశారు. మోచేయి చీరుకుపోయి కుట్లు పడ్డాయి. "జారి పడ్డనమ్మా" అంది. నేను నమ్మాను.

తర్వాతి సంగతి చెప్పడానికి సిగ్గు. కానీ అది దాచి నీ మహిమ ఒక్కటే చెబితే అబద్ధమవుతుంది.

ఆ వీడియో తిరిగి తిరిగి మా మండలి గ్రూపులోకి వచ్చింది. మా వాళ్ళకు ఫోన్లో దేవుడి బొమ్మో, బొట్టు పెట్టుకున్న ముఖమో కనబడితే చాలు. వినరు, చివరిదాకా చూడరు. దండం బొమ్మ పెట్టి నలుగురికి పంపుతారు. అది కూడా సేవే అనుకుంటాం. నేనూ అంతే. పప్పుకు తాలింపు వేస్తూ, సౌండు లేని ఫోన్లో నా బిడ్డ ముఖం చూసి మురిసిపోయి, "అంతా స్వామి దయ" అని రాసి స్టేటస్ పెట్టుకున్నాను.

సాయంత్రం బిడ్డ బడి నుంచి వచ్చి, బ్యాగు దించకుండానే నా ముందు నిలబడింది.

"అమ్మా, నువ్వు గూడనా?"

"ఏమైంది బిడ్డా?"

నా ఫోన్ తీసుకుని సౌండు పెంచింది. మేక అరిచింది. మెట్ల సంగతి అప్పుడు చెప్పింది. "ఇగ నేను పాడ. బడికి గూడ పోను" అని లోపలికి పోయి తలుపేసుకుంది.

మూడు రోజులు అన్నం పళ్ళెం కోసమే తలుపు తీసింది. ఆ గొంతు మళ్ళీ వింటానా అన్నదొక్కటే నా దిగులు.

నాలుగో రోజు సంగతి తెలిసి మండలి పెద్దాయన వచ్చారు. కోస్తా నుంచి కంపెనీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. వెనకే మా ఆడవాళ్ళు, తలలు దించుకుని.

"మన మండలిలో తాళం తప్పినవాళ్ళు ఏం చేయాలమ్మా?" అన్నారాయన.

"లేచి నిలబడి, మళ్ళ మొదటి నుంచి ఒక్కళ్ళే పాడాలె" అంది ఒకామె.

"మనమంతా తప్పాం కదా. ఎవరెవరికి పంపామో వాళ్ళందరికీ ఫోన్ చేసి నోటితో చెప్పండి. మెసేజీ కుదరదు. పాపకు వినపడేలా, ఇక్కడే."

"నేను మస్తు మందికి పంపిన సారూ."

"అయితే మస్తుసేపు కూర్చోండి."

నా స్టేటస్ చూసినవాళ్ళకు స్పీకర్ పెట్టి మొదట నేనే చేశాను. "వినకుండ పెట్టిన. అది నా బిడ్డను ఎక్కిరించిన వీడియో. తీసెయ్యండి." వరండా నిండా అవే మాటలు. మధ్యాహ్నానికి నేను చేస్తే, పక్క ఊరు లక్డారంలో ఒక ముసలామె ఫోనెత్తింది. "మా మనుమరాలు గూడ అదే క్లాసు. పిల్లల ఆట గదమ్మా, గింత పరేషాన్ ఎందుకు?" అంది.

లక్డారం నుంచి ఆ తరగతికి వచ్చేది ఒక్కతే, ఆ ముగ్గురిలో ఒకతి. తలుపు తెరుచుకుంది. నా బిడ్డ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అవ్వా, ఆట కాదు. మీ మనుమరాలు నా జడ గుంజి మెట్ల మీదికెళ్ళి తోసింది. కుట్లు పడ్డయి. జెర ఆమెనే అడుగు."

"అడుగుత. దాన్ని బడికి నేనే తోలుకొస్త బిడ్డా" అందామె.

సోమవారం అలాగే వచ్చింది, మనుమరాలి చేయి పట్టుకుని. మిగతా ఇద్దరి తల్లిదండ్రులను హెడ్మాస్టర్ పిలిపించారు. నేను నోరు తెరవబోతే నా బిడ్డ ఆపింది. "నేను చెప్త." మొదట్లో గొంతు వణికింది, తర్వాత వణకలేదు. అన్నీ చెప్పి, చొక్కా చేయి మడిచి కుట్లు చూపింది. వీడియో ముగ్గురి ఫోన్లలోంచీ గ్రూపులోంచీ మా ఎదుటే తీయించారు. వారం పాటు వాళ్ళను బడికి రానివ్వలేదు. వచ్చాక ప్రార్థన వేళ అందరి ముందు తప్పు ఒప్పుకున్నారు. ఇద్దరు గొణిగారు. లక్డారం పిల్ల మాత్రం నా బిడ్డను పేరు పెట్టి పిలిచి చెప్పింది.

మళ్ళీ ఏకాదశి వచ్చింది. నేను అడగలేదు. తనే తలస్నానం చేసి వచ్చి, "అమ్మా, జల్దీ. వాళ్ళు మొదలుపెట్టేస్తరు" అంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఎదురొచ్చే ప్రతి ముఖాన్నీ చూస్తూ ఎత్తుకుంది. పై స్థాయిలో ఒకచోట గొంతు చీలింది. ఆగలేదు. వెనక మండలి మొత్తం అందుకుంది. ఏడుపు ఆగక నేనొక్కదాన్నే పాడలేకపోయాను. జయం స్వామీ, జయం!

ఇది చదివిన అన్నలారా, అక్కలారా, ఒక్క నిమిషం నాతో కలిసి అడగండి. స్వామీ, ఇవాళ ఏ ఇంట్లోనో తలుపేసుకుని కూర్చున్న బిడ్డకు గొంతు ఇవ్వు. ఆ బిడ్డను ఏడిపించిన పిల్లను కూడా వదిలేయకు, దగ్గరికి తీసుకో.