ఊపిరి గొట్టం లేని బావి

పుంగనూరులో మదనపల్లె బస్సు మలుపు తిరిగే సర్కిల్ నడుమ ఇప్పుడు నాలుగు దీపాల స్తంభం ఉంది. 1997 దాకా అక్కడ ఉండింది దిగుడుబావి. దాని చుట్టూ పూల అంగళ్లు, జట్కాల స్టాండు, సోమల నుంచి వచ్చే పాలక్యాన్లు దింపే రాతి అరుగు. ఒక్క పూల అంగళ్లు తప్ప అన్నీ పోయాయి. అయినా జనం నేటికీ కండక్టరుతో "బావికాడ దించప్పా" అనే అంటారు. ఊరి నోరు మునిసిపాలిటీ మాట వింటుందా!

ఆ మాట చెవిన పడితే గంగులయ్యకు గుండె ఝల్లుమంటుంది. బావుల్లో పూడిక తీయడం అతనూ అన్నా కలిసి చేసే పని. ఒకరోజు ఒకరు దిగితే మర్నాడు ఇంకొకరు. 1996 వేసవిలో, ఈ బావిలో దిగే వంతు గంగులయ్యది. పగుళ్లిచ్చిన గోడను చూసి భయపడి, జ్వరమని దుప్పటి కప్పుకున్నాడు. అన్న సుబ్బరాయుడు దిగాడు. గోడ విరిగి మీద పడి ప్రాణం పోయింది. జ్వరం అబద్ధమన్న సంగతి గంగులయ్య ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడు బావిని పూడ్చారు. పూడ్చే బావికి ఊపిరాడేందుకు ఒక గొట్టం నిలబెట్టి వదలడం ఆ పనివాళ్ల ఆచారం. ఆ పని గంగులయ్యకే అప్పజెప్పారు. గొట్టంలోంచి అన్న గొంతు వినబడితే? ఆ భయంతో దాన్ని అడ్డంగా పడేసి మట్టి కప్పేశాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, పూడిస్తే పోతుందని ఎవరన్నారు? అప్పటినుంచి పట్టపగలు, అంత రద్దీలోనూ, తారు కింద ఎవరో ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టే అతనికి అనిపించేది.

అన్న భార్య యశోదమ్మ ఆ సర్కిల్లోనే పూలు కట్టి అమ్ముతుంది. పెళ్లీ పెటాకులూ లేని మరిదికి రోజూ సంగటి తెచ్చి పెట్టేదీ ఆమే. ఆ ముద్ద అందుకునేటప్పుడు అతను ఆమె ముఖం చూసేవాడు కాదు.

2007లో, వానలు వెలిసిన ఒక మధ్యాహ్నం, స్తంభం పక్కన రోడ్డు మూరెడు లోతు కుంగింది. జనం మూగారు. గంగులయ్య వచ్చి వదిన ముందర కూలబడ్డాడు.

"వదినా, ఆ పొద్దు నాకు జరం రాల్యా. దిగాల్సింది నేను. అబద్ధం సెప్పినా."

యశోదమ్మ చేతిలో దారం ఆగింది.

"తెలుసప్పా. కసాయం తెచ్చి నీ నొసలు తాకి సూసింది నేనే గదా. సల్లగా ఉన్నింది."

"తెలిసీ యాల సెప్పల్యా?"

"పాపం, ఒక్క దినం పండుకోనీలే అనుకుంటి. నీకు జరం ఎక్కువగా ఉండాదని మీయన్నకు సెప్పి, దిగమని పంపింది నేనే నాయనా."