పూల గుడ్డ చెప్పులు

మా అక్క మొగుడికి పరుపుల దుకాణం ఉంది, పని లేదు. పనంతా అక్కే చేస్తుంది. ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని మీసం దువ్వుకుంటాడు. కొన్నాళ్లు బోన్సాయ్ మొక్కలంటూ ఊగిపోయాడు, అవి ఎండిపోయాయి. తర్వాత రంగు చేపలన్నాడు, అవి వెల్లకిలా తేలాయి. ఆ తర్వాత పార్కు కొలనులో బాతుల మీద పడ్డాడు.

పిల్లలు ముచ్చటపడ్డారని బాతుపిల్లల్ని కొని, అవి పెరిగి ఇల్లు పాడుచేస్తుంటే ఆ కొలనులో పారేసి పోయే పెద్దమనుషులకు మా ఊళ్లో కొదవ లేదు. వాటిని కుక్కలు కరుస్తాయి, గాలం దారాలు కాళ్లు కోస్తాయి. బావ వాటిని పట్టుకొచ్చి, ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగి, గోదాములో దించేసేవాడు. అంతటితో ఆయన జీవకారుణ్యం సమాప్తం.

పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, మందు రాయడం, రెట్టలు కడగడం అక్క వంతు. అరికాళ్లు పుండ్లుపడ్డ బాతులకు పరుపుల్లో మిగిలిన స్పాంజి కత్తిరించి, పైన పూల గుడ్డ వేసి చెప్పులు కుట్టేది. వాటితో అవి తపతపా నడుస్తుంటే నాకు నవ్వాగేది కాదు. ఒక బూడిదరంగు బాతయితే అక్క వెనకాలే తిరిగేది. దానికి ఒక కాలు కుంటి. కుంటెమ్మ అని పిలిచేది అక్క.

నయమైనవాటిని ఎవరికివ్వాలన్న దగ్గరే పేచీ.

"ముందు వాళ్ల చోటు చూద్దామండీ. నీళ్లున్నాయో, కుక్కలున్నాయో, తోడు బాతులున్నాయో చూశాకే ఇద్దాం" అనేది అక్క.

"అలా ఆరా తీస్తే చిన్నబుచ్చుకుంటారే. మనుషుల్ని నమ్మడం నేర్చుకో."

ఆయన నమ్మిన మహానుభావుడు ఒక్కడే, బండికి రెండు బుట్టలు కట్టుకొచ్చే బుట్టలవాడు. తనకు పెద్ద చెరువుందన్నాడు. "అయ్యగారూ, మీలాంటి మనసు ఎక్కడా చూళ్లేదండీ" అంటే చాలు, మా బావ ఉబ్బి తబ్బిబ్బై గోదాం తలుపు తీసేసేవాడు. వాడు ఖాళీ బుట్టలతో వచ్చి నిండు బుట్టలతో పోయేవాడు.

"మళ్లీ వచ్చాడు చూశావా, బాతులంటే ఎంత ప్రేమో!" అని మురిసిపోయేవాడు ఈయన.

ఒకరోజు అక్క మందులకు వెళ్లొచ్చేసరికి కుంటెమ్మ లేదు.

"దాని కాలింకా మానలేదండీ!"

"చెరువుంది కదే. ఈదితే అదే మానుతుంది."

ఆ చెరువెక్కడో ఆయనకూ తెలీదు. ఎప్పుడైనా అడిగితే కదా! అప్పట్నించీ అక్క బండి చప్పుడైతే చాలు, గుమ్మంలోకి పరిగెత్తేది.

చివరికి బుట్టలవాడు వచ్చాడు. అక్క నోరు తెరిచేలోపే చిన్న సంచి అందించాడు.

"ఇవిగోనమ్మా. మొన్న కాళ్లకుండగానే పట్టుకెళ్లిపోయాను. శుభ్రంగా ఉతికాను, తర్వాతి బాతుకు పనికొస్తాయి."

సంచిలో పూల గుడ్డ చెప్పులున్నాయి.

"మరి అదెలా ఉంది?" అంది అక్క.

వాడు తెల్లబోయి బావ వైపు చూశాడు. "అయ్యగారికి తెలుసనుకున్నానమ్మా. కుంటిదైతేనేం, మాంసం మెత్తగా ఉందన్నారు హోటలువాళ్లు."

"నాకేం తెలుసే, చెరువుందన్నాడు" అన్నాడు మా బావ. పైగా మొహం చిట్లించాడు, ఆయనకేదో అన్యాయం జరిగినట్టు. ఆ మీసం పట్టుకుని ఊడబెరకాలనిపించింది నాకు.

గోదాం తాళం ఇప్పుడు అక్క దగ్గరే ఉంటుంది. కుంటెమ్మను ఒళ్లో పెట్టుకుని ఆయన దిగిన ఫొటో మాత్రం దుకాణంలో గోడ మీదే ఉంది. పరుపు కొనడానికి వచ్చినవాళ్లు అదిప్పుడెక్కడుందని అడిగితే, చెరువులో హాయిగా ఉందని చెబుతాడు. లోపల చెప్పులు కుట్టుకుంటున్న అక్కకు ఆ మాట వినబడుతుందని ఆయనకు తెలుసు.