ఒక గీత పక్కన ఇంకో గీత

పండూ, నువ్వు లేవన్న మాట ఇంకా నోటితో అనలేకపోతున్నా తల్లీ. మా అమ్మాయి పోయిన నెలలో చనిపోయిందండి. పది రోజుల జ్వరం, అంతే.

నేను అయిదో తరగతి చదివా. జగ్గయ్యపేటలో మిరపకాయల్లో తెల్లబారిన తాలు కాయలు ఏరడం నా పని. మా పండేమో కంప్యూటర్లో పని చేసేది. నందిగామలో ఒక పిల్లల ఆసుపత్రికి ప్రోగ్రామ్ రాసిచ్చింది. పిల్ల బరువు కొడితే సెలైను నిమిషానికెన్ని చుక్కలు పడాలో చెబుతుంది.

ఆ మధ్య ఆ ప్రోగ్రామ్ రాసిన కంప్యూటర్ భాష మారిందట. కొన్ని గుర్తులు తీసేశారు. అవి తప్పని మిషనే చూపిస్తుందట. భాగహారం గీత మాత్రం అలాగే ఉంది, దాని పని మారింది, ఆ తేడా మిషను చూపించదట. ఇదివరకు మిగిలిన ముక్క వదిలేసేది, ఇప్పుడు ముక్కతో సహా చెబుతుంది.

"చెబితే మంచిదేగా?" అన్నా.

"చుక్కలో ముక్కేంటమ్మా? ఆ చిన్న తెర మీద పదహారు పాయింట్ అయిదని పడిద్ది. పాయింటు కనపడక నర్సమ్మ నూట అరవై అయిదనుకుంటే పసిగుడ్డు ఏమైపోవాలి?"

అందుకని ప్రోగ్రామంతా కాయితాల మీద అచ్చు తీసింది. ముక్క వద్దన్న చోట ఆ గీత పక్కన ఇంకో గీత పెట్టాలి. కావాలన్న చోట ఒకటే ఉంచాలి. ఒక్కో గీత దగ్గర ఆగి, చేత్తో లెక్క వేసి చూసేది.

"నాకూ ఇయ్యి, గీతలు ఏరి పెడతా" అన్నా. ఎర్ర పెన్సిలుతో కనపడిన ప్రతి గీతకీ సున్నా చుట్టా.

"ఓసి అమ్మా, తేదీల్ని కూడా భాగించేస్తావా!" అని పడీ పడీ నవ్వింది.

నవ్వుతూనే ఒక చోట ఆగిపోయింది. తను చూడకుండా దాటేసిన గీత ఒకటి నా సున్నాలో ఉంది. నెలలు నిండని పిల్లల లెక్కట. మళ్ళీ మొదటి కాయితం తీసింది.

"చూసేసినవేగా, మళ్ళీ ఎందుకు?" అన్నా.

"ఒకటి దాటేశానంటే మిగతావాటికీ నా కళ్ళని నమ్మకూడదమ్మా."

మూడు రోజులు మళ్ళీ మొదట్నించీ చూసింది. అంత చదివిన పిల్ల. ఇన్నేళ్ళలో ఏరిన రాశిని నేనొక్కసారైనా తిరగేసి చూశానా? నా కడుపున పుట్టిన పిల్లేనా అనిపించింది.

మొన్న ఆ ఆసుపత్రికి వెళ్ళా. ఎందుకో తెలీదు. నర్సమ్మ ఒక పసిదాన్ని తూచి బరువు కొట్టింది. తెర మీద పదకొండని పడింది. ముక్క లేదు. చుక్క, చుక్క, నెమ్మదిగా పడుతున్నాయి. అలా నిలబడి చూస్తానే ఉన్నా. పసిదాని తల్లి పొద్దున్నించీ ఏమీ తినలేదట. ఇడ్లీ తెచ్చి దగ్గరుండి తినిపించా.

మీరూ వేళకి కడుపు నిండా తినండి.