గల్లంతు అనే మాట

మా ఇంట్లో ఎవరూ పలకని మాట ఒకటుంది. గల్లంతు. తుంగభద్ర అలంపూర్‌ను ముంచిన ఏడు మా చిన్నాయన గొడ్లను విప్పడానికి పోయి తిరిగి రాలేదు. పేపర్లో ఆయన పేరు పక్కన ఆ మాటే వేశారు. శవం దొరకలేదు. తర్వాత మేం గద్వాలకు మారాం, చిన్నమ్మ కూడా మాతోనే ఉంటున్నది. ఇప్పటికీ బొట్టు తీయలేదు.

పార్లమెంటు ఎన్నికల ఫలితాల రోజు టీవీవాళ్లు ఆ మాటను పొద్దుటి నుంచి వందసార్లు అన్నారు. చిన్న పార్టీల గురించి. డిపాజిట్ గల్లంతు, డిపాజిట్ గల్లంతు. అన్నప్పుడల్లా బియ్యం ఏరుతున్న చిన్నమ్మ చేయి ఆగేది. నాకు ఒళ్లు మండింది. 'పోయింది' అంటే వీళ్ల నోరు అరుగుతుందా? గొంతు తగ్గించాను గానీ టీవీ కట్టేయలేకపోయాను. మా పెద్దనాయన ఆ రోజు నాగర్‌కర్నూల్‌లో కౌంటింగ్ ఏజెంటుగా కూర్చున్నాడు.

మీసాలు రాని నాటి నుంచీ ఆయనది ఒకటే చిన్న పార్టీ. అలంపూర్‌లో బోరింగు చెడిపోయినా, పింఛను ఆగినా జనం ముందు ఆయన గడపకే వచ్చేవారు. ఎన్నికలు వస్తే మాత్రం "మంచోడే గానీ, ఓటు మురిగిపోతది" అని పెద్ద పార్టీకి గుద్ది వచ్చేవారు. ఈసారి ఆ మాట అనడానికైనా ఎవరూ రాలేదు. పాన్‌గల్‌లో ఆయన పార్టీ జెండా గద్దెకు వేరే పార్టీవాళ్లు బ్యానరు తాడు కట్టుకుంటే అడిగే దిక్కు లేదు.

"మీ పార్టీ అంత ఒక్క ఆటోల పడ్తది పెద్దనాయనా" అని నేను ఎక్కిరించేవాణ్ణి.

"పడ్తది బిడ్డా. డ్రైవర్ గూడ మనోడే" అని నవ్వేవాడు.

కౌంటింగుకు పోయే ముందు మాత్రం నవ్వలేదు. "గెలువం, నాకెర్కే. డిపాజిట్ నిలిస్తే చాలు, పార్టీ బతుకుతది" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా టీవీలో దేశాన్ని పెద్దవాళ్లు పంచేసుకున్నారు. మిగిలినవాళ్లందరినీ చివర ఒక డబ్బాలో వేసి 'ఇతరులు' అని రాశారు. మా పెద్దనాయన బతుకంతా ఆ డబ్బాలో ఎక్కడో ఉంది. గెలిచినవాళ్ల మీద నాకు పగ లేదు. భయం ఉంది. రెండు పెద్దిళ్లే మిగిలిన ఊళ్లో పేదవాడు ఏ వాకిట్లో నిలబడ్డా చేతులు కట్టుకునే నిలబడాలి.

సాయంత్రం ఆయన వనపర్తి మీదుగా బస్సులు మారి వచ్చాడు. మా ఇంటి ముందు ఆటో ఆగితే ఆయనొక్కడే దిగాడు. నా పాత పరిహాసం గుర్తొచ్చి సిగ్గేసింది. కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. చిన్నమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది.

డిపాజిట్ నిలవలేదు. వనపర్తిలో వాళ్ల పార్టీ పెద్దలు ఇక పెద్ద పార్టీలో కలిసిపోదామని తేల్చేశారట. ఆయన్నూ రమ్మన్నారట.

"నువ్వేమన్నవ్?" అని అడిగాను.

"రానన్న. ఏమైందిప్పుడు? గల్లంతయింది, గంతే."

మాట జారిందని ఆయనకూ తెలిసింది. చిన్నమ్మ వైపు చూడకుండా, నేల చూస్తూ చెప్పుకుపోయాడు. "గల్లంతంటే సచ్చినట్టు గాదు. దొర్కలేదన్నట్టు. ఎదురు సూడాలె."

ఈ మాటలు మాకు కొత్త కాదు. వరద తీశాక తన పార్టీవాళ్లతో పుట్టి వేసుకుని నదంతా వెతికి, ఉత్త చేతులతో వచ్చి, చిన్నమ్మ ముందు నిలబడి ఆయన అన్నవి ఇవే.

చిన్నమ్మ ఏడవలేదు. ఆయన తాగకుండా పట్టుకున్న చాయ్ గ్లాసు చల్లారిపోయిందని తీసుకుంది.

"నువ్వు సెప్పినవనే నేను ఇన్నేండ్లు ఎదురు సూసిన బావా" అన్నది. "నువ్వు సూడకు."