మూడో అంకానికి నేను వేసిన తాళం

మరునాడు గుడివాడ పోటీల్లో మా నాటకం ఆడాలనగా, దాని మూడో అంకాన్ని నేను నా చేతులారా మాయం చేశాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఆరు నెలల కంప్యూటర్ కోర్సు పూర్తి చేశాను. అంటే, నాకు రానిదంటూ ఏమీ లేదన్నమాట!

బందరులో మా పక్కింటి మూర్తి మావయ్య రిటైరైన హెడ్మాస్టరు, మా నాటకానికి దర్శకుడు, హీరో కూడా. ఆయన చివరి నిమిషంలో మూడో అంకం మార్చి రాస్తే నేను టైపు చేశాను. ప్రింటు తీసేలోపే మా పాత కంప్యూటర్ కన్నుమూసింది. దాని హార్డ్ డిస్క్ తీసి కొత్తదానికి తగిలిస్తే అన్నీ తెరుచుకున్నాయి, నాటకం ఫోల్డరు తప్ప. ఎవరూ చూడకూడదని దాన్ని ప్రైవేటు చేసింది నేనే. ఎందుకంటారా? మా వాళ్ల నటన గురించి నేను రాసుకున్న ముచ్చట్లూ అందులోనే ఉన్నాయి మరి.

"ఏమ్మా సుజాతా, వచ్చిందా?" అంటూ మావయ్య నా కుర్చీ వెనక చేరాడు. తల్లి వేషం వేసే అనసూయగారూ, డాక్టరు వేషం వేసే వాచీ రిపేరు జలీల్ గారూ వచ్చి నిలబడ్డారు. నా వీపు మీద ఆరు కళ్లు!

గుడివాడలో కంప్యూటర్లు నేర్పే నా స్నేహితురాలు పద్మకి ఫోన్ చేశాను.

"ఆ ఫోల్డరు నీదేనని కొత్త కంప్యూటర్‌కి తెలీదు. ఓనర్‌గా నీ పేరు పెట్టు. నీ పేరు పక్కన అలౌ టిక్కు పెట్టు. ఇంకేం ముట్టుకోకు" అంది.

చెప్పినట్టే చేశాను. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. వెనక ఉన్నవాళ్లు నా ముచ్చట్లు చూడకుండా ఆపాలని, 'ఎవ్రీవన్', అంటే అందరూ, అన్న పేరు చేర్చి 'డినై', అంటే రానివ్వద్దు, అన్నచోట టిక్కు కొట్టాను. అంతే, ఫోల్డరు నన్నూ గెంటేసింది.

"ఓసి పిచ్చిదానా! ఎవ్రీవన్‌లో నువ్వు లేవుటే? ముందు ఆ టిక్కు తీసెయ్!" అని పద్మ ఫోన్లోనే నెత్తి కొట్టుకుంది.

తీశాను. తెరుచుకుంది. నేను ఊపిరి పీల్చుకునేలోపే మావయ్య మౌస్ లాక్కుని నొక్కాడు. నాటకం మీద కాదు, నా ముచ్చట్ల మీద! పైగా స్టేజీ గొంతుతో చదివాడు.

"'మూర్తి మావయ్య ఏడుస్తుంటే ఆవలిస్తున్నట్టుంటుంది.' ఆఁ? 'కొడుకు పోయాడని కబురొస్తే అనసూయగారు కుచ్చిళ్లు సర్దుకుంటారు.'"

"నేనా? ఎప్పుడు?" అన్నారు అనసూయగారు, కుచ్చిళ్లు సర్దుకుంటూ.

నేను బల్ల కింద దూరిపోదామనుకుంటుండగా మావయ్య పగలబడి నవ్వాడు. అనసూయగారూ నవ్వేశారు. జలీల్ గారొక్కరే కళ్లజోడు సవరించుకుని, ఫైలు చివరిదాకా వెతికి, మళ్లీ మొదటికొచ్చారు.

"నా పేరు లేదేంటమ్మా?"

"మీరు బాగా చేస్తున్నారు కదండీ..."

"రెండు నెలల్నించి చేస్తున్నాను. ఒక్క తప్పు కూడా నీ కంటపడలేదంటే, అసలు నన్ను చూడనే లేదన్నమాట!"

ఆ మాటతో వాచీల కొట్టుకి వెళ్లిపోయారు. మర్నాడు గుడివాడ బస్సులో ఆయన పక్కన కూర్చుని, నాలుగు తప్పులు కాగితం మీద రాసి చేతిలో పెడితే తప్ప నాతో మాట్లాడలేదు.

ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను: ఇక జన్మలో ఎవరినీ విమర్శించకుండా వదలను.