మెత్తటి ప్యాడ్, భుజాన తువ్వాలు

కారు విషయంలో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఇవాళ సాయంత్రం రాజమండ్రిలో కార్ల సామాన్ల షాపుకి వెళ్ళి, పాలిష్ మిషన్‌కి బిగించే ఫోమ్ ప్యాడ్‌లలో అన్నిటికంటే గట్టిది ఇవ్వమన్నాను. రామచంద్రపురం నుంచి ఇక్కడికి రోజూ తిరిగే నల్ల కారు మాది. ఎండ పడితే బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తున్నాయి.

షాపాయన బయటికొచ్చి చూశాడు.

“రోజూ తుడుస్తారా అండి?”

“పొద్దున్నే నేనే తుడుస్తానండి. పనివాళ్ళకి వదలను.”

“నీళ్ళు పోసి కడిగాకేనా?”

“దుమ్మేగా అండి, నీళ్ళెందుకు?”

ఆయన నా భుజం మీది తువ్వాలుకేసి చూశాడు.

“ఆ గీతలు దానివేనండి. రోజూ తిరిగే బండిని గట్టి ప్యాడ్‌తో రుద్దితే గీతలతో పాటు పెయింటూ పోద్ది. మెత్తటిది చాలు. ముందు ఆ తువ్వాలు మానేయండి.”

నేను ఒప్పుకోలేదు గానీ మెత్తటిదే కొన్నాను. బయటికొచ్చేసరికి బానెట్ మీద మళ్ళీ దుమ్ము. చెయ్యి దానంతటదే తువ్వాలు తీసింది. తలెత్తితే షాపు అద్దంలోంచి ఆయన చూస్తున్నాడు.

నింపాదిగా మొహం తుడుచుకుని కారెక్కాను.

మీరు దేంతో తుడుస్తారో నిజం చెప్పండి. మొహం సంగతి కాదు, కారు సంగతి.