ఒకే పేరున్న రెండు రాళ్ళు

కేంబ్రిడ్జ్‌లో మేం బేస్‌మెంట్ అద్దెకు తీసుకున్న ఇంటి ఓనరమ్మ సమాధి రాళ్ళను చేత్తో పలకరించేది. ఎంత చలిలోనైనా సరే, గ్లవ్ తీసేసి, పసిపిల్లలకు జ్వరం చూసినట్టు ఒట్టి అరచెయ్యి రాయి మీద ఆనించి నిలబడేది.

ఆవిడ ముత్తాత తండ్రి ఐర్లండ్‌లో కరువొచ్చినప్పుడు ఓడెక్కి ఇక్కడికి వచ్చాడట. ఆయన్ను వెతుకుతూ పోతే ఊరి చివరి శ్మశానంలో ఒకే పేరుతో ఇద్దరు తేలారు. ఒకే ఊరివాళ్ళు, అన్నదమ్ముల పిల్లలు. ఆదివారం చర్చి అయ్యాక నేనే ఆవిణ్ణి కారులో తీసుకెళ్ళేవాణ్ణి. ఒక రాయి మీద చెయ్యి పెట్టి, "ఇతనే" అనేది. రెండో దాని దగ్గరికెళ్ళి, "కాదు, ఇతనే" అనేది.

"మావాళ్ళకు వేరే పేర్లే దొరకలేదా? పుట్టిన ప్రతివాడికీ తాత పేరే పెట్టారు!" అని తిరిగొచ్చేటప్పుడు దారంతా విసుక్కునేది. నాదీ మా తాత పేరేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మాకు బాబు పుట్టాక అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసింది. "మీ నాన్న పేరే పెట్టాలిరా," అంది. ఎటూ తేల్చుకోలేక బాబుని ఎత్తుకుని పైకెళ్ళి ఓనరమ్మనే అడిగాను. వద్దంటుందనుకున్నాను. ఆవిడ బాబు గుండె మీద అరచెయ్యి ఆనించి, శ్మశానంలో రాయి దగ్గర నిలబడ్డట్టే నిలబడింది.

"పెట్టు," అంది. "వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు ఇద్దరు దొరుకుతారు."

అది దీవెనో, విసుగో నాకు ఇప్పటికీ తెలియదు. పేరు మాత్రం పెట్టేశాం.